నాన్న పోయి నాలుగేళ్లయినా అమ్మకు గుండె దడ తగ్గట్లేదు: ఇది కరోనా మిగిల్చిన జబ్బా, రందా?

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. మీది దేవరకొండ దగ్గర పల్లె. 2021 మే నెలలో నాన్న హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కరోనాతో పోయారు. శవాన్ని ఊరికి తేలేకపోయారు. అమ్మకు ఇప్పుడు 51 ఏళ్లు. అప్పటినుంచి గుండె దడ, ఛాతీ మీద బరువు, రాత్రి రెండింటికే మెలకువ, కాళ్లు చేతులు గుంజుడు. ఈసీజీలు, టూడీ ఎకో, చివరికి యాంజియోగ్రామ్ కూడా చేయించారు, అన్నీ నార్మల్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్ర గోలీ మూడేళ్లుగా వేసుకుంటోంది. పెద్దమ్మ గాలి సోకిందంటుంది, బాబాయి టీకా వల్లనే అంటాడు. ఇది మానసిక జబ్బేనా, అయితే మందులు జీవితాంతం వాడాలా, బయటికి తెలిస్తే చెల్లి పెళ్లికి అడ్డం వస్తుందా అని మీరు అడిగారు.

ముందు జవాబు చెప్తాను. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే ఇది గుండె జబ్బులా లేదు. కరోనా వైరస్ నాలుగేళ్లుగా ఒంట్లో ఉండి చేస్తున్న పనిలానూ లేదు. ఏడ్వాల్సినప్పుడు ఏడ్వలేకపోయిన దుఃఖం అలాగే ఉండిపోయింది, దాని మీద దిగులు జబ్బు, గాబరా వచ్చి చేరాయి. ఇది నయమవుతుంది. మందులు జీవితాంతం అవసరం పడేది తక్కువమందికే. ఆ నిద్ర గోలీ మాత్రం ఈ జబ్బుకు వైద్యం కాదు. అలాగని రేపే ఆపేయకండి, అది ఇంకా ప్రమాదం. ఎందుకో కింద రాస్తాను. మనిషిని చూడకుండా ఇంతకంటే గట్టిగా చెప్పడం సరికాదు.

నేను నల్లగొండలో 18 ఏళ్లుగా మానసిక వైద్యం చేస్తున్నాను. వారానికోసారి మీ దేవరకొండ వైపు కూడా వస్తాను. 2021 వానాకాలం నుంచి మీ అమ్మలాంటి వాళ్లను చాలామందిని చూశాను. ముందు గుండె డాక్టరు, తర్వాత నరాల డాక్టరు, మధ్యలో చెరువుగట్టు గుడి, డబ్బులు, ఓపిక అయిపోయాక నా దగ్గరికి. దాదాపు అందరూ ఇదే దారిన వస్తారు.

మన దిక్కు ఎవరూ "నాకు డిప్రెషన్ వచ్చింది సార్" అంటూ రారు. "పానం మంచిగుంటలేదు", "గుండెల గుబులు గుబులైతుంది", "నరాలు గుంజుతున్నయ్", "నెత్తి మొద్దుబారింది", "బుక్క లోపలికి పోతలేదు" అంటారు. వాళ్లు నటించట్లేదు. భయం, దిగులు నెలల తరబడి ఉంటే గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది, మెడ, భుజాల కండరాలు నిజంగానే బిగుసుకుంటాయి, కడుపులో నిజంగానే తిప్పుతుంది. ఈ పరీక్షలన్నీ నార్మల్‌గా ఉంటే గుండె జబ్బు ఉండే అవకాశం తక్కువని చెప్పొచ్చు గానీ బాధే లేదని చెప్పలేం. "రిపోర్టులన్నీ బాగున్నయ్, నీకేం లేదు" అని ఈ నాలుగేళ్లలో మీ అమ్మకు ఎంతమంది చెప్పి ఉంటారో. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె ఇంకో డాక్టరు కావాలంటుంది. ఎందుకంటే తనకు ఏదో ఉందని తనకు తెలుసు. దీనికి మన దగ్గర మంచి మాటే ఉంది, రంది, అంటే మనసులో పెట్టుకుని కుమిలే దిగులు. నేను మా పుస్తకాల పేర్లు పక్కనపెట్టి రోగులతో ఆ మాటే వాడతాను. "అమ్మా, నీకు గుండె జబ్బు లేదు, రంది జబ్బు ఉంది, దానికి మందుంది" అంటే చాలామంది మొహంలో ఊరట కనిపిస్తుంది.

ఇక అసలు ముడి దగ్గరికి వస్తాను. అమ్మ నాన్నను చివరిసారి చూసింది అంబులెన్స్ ఎక్కించేటప్పుడని రాశారు. ఆ తర్వాత ఇంటికి వచ్చినవి ఆయన ఫోను, ఆధార్ కార్డు, బిల్లు. అంతే. మామూలు రోజుల్లో మన ఊళ్లల్లో ఒక మనిషి పోతే ఏం జరుగుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వాకిట్లో పడుకోబెడతాం, ఊరంతా వచ్చి పోతుంది. ఆడవాళ్లు ఆమెను పట్టుకుని, పోయినాయన చేసిన మంచీ చెడూ అన్నీ యాది చేస్తూ గొంతెత్తి ఏడుస్తారు. పాడె మోసుకుపోతూ దింపుడు కల్లం దగ్గర దించి, చెవిలో మూడుసార్లు పేరుపెట్టి పిలుస్తాం. నా లెక్కలో ఆ పిలుపు పోయినవాడి కోసం కాదు, ఉన్నవాళ్ల కోసం. పిలిచినా లేవలేదని పదిమంది ముందు తేలిపోతుంది. తర్వాత పిట్టకు పెట్టుడు, దినవారాలు, పెద్దకర్మ, ఏడాదికి సంవత్సరీకం. ఒక్కో మెట్టు దిగుతూ మనసు ఆ నిజాన్ని ఒప్పుకుంటుంది. మీ అమ్మకు వీటిలో ఒక్క మెట్టు కూడా దొరకలేదు. పైగా ఆ నెలలో మీ గడప తొక్కడానికి కూడా జనం భయపడ్డారు. దవాఖానలో ప్లాస్టిక్ సంచిలో చుట్టింది తన భర్తనో కాదో కూడా ఆమె కళ్లారా చూడలేదు. అందుకే "పోయిండు" అని నోటితో అంటుంది గానీ, రాత్రి రెండింటికి బండి చప్పుడైతే లేచి కూర్చుంటుంది. చూడండి, మీరే రాశారు, ఆయన చెప్పులు ఇంకా గడప దగ్గరే ఉన్నాయని.

ఇలా తెగని దుఃఖానికి వైద్యంలో ఇప్పుడు పేరు ఉంది, ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త జబ్బుల పట్టిక 2022లో అమల్లోకి వచ్చింది. మనిషి పోయిన ఆరు నెలల తర్వాత కూడా రోజూ అదే ధ్యాసలో ఉండి, రోజువారీ పనులు చేసుకోలేకపోతే అది వైద్యం అవసరమైన స్థితి అని అందులో ఉంది. అమెరికా డాక్టర్ల పుస్తకంలోనూ అదే ఏడాది చేర్చారు, వాళ్లు పెద్దవాళ్లకు ఏడాది గడువు పెట్టారు. మన సంవత్సరీకం గడువూ అంతే కావడం నాకు ముచ్చటగా అనిపిస్తుంది.

ఒక మనిషి సంగతి చెప్తాను, గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. మిర్యాలగూడ వైపు ఆమె. భర్త రైస్ మిల్లులో హమాలీ, అదే మే నెలలో హైదరాబాద్‌లో పోయాడు. రెండేళ్ల తర్వాత నా దగ్గరికి గుండె దడతోనే వచ్చింది. మాటల్లో తెలిసిందేంటంటే, భర్త ఫోన్‌కు నెలనెలా రీచార్జ్ చేయిస్తోంది, రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటోంది. ఎందుకమ్మా అంటే చెప్పలేకపోయింది. ఆమెకు మందు మొదలుపెట్టాను, కొంచెం నిద్ర పట్టింది, తిండి పెరిగింది, దడ సగమే తగ్గింది. అప్పుడు ఆమెను కూర్చోబెట్టి, జ్వరం వచ్చిన రోజునుంచి ఫోన్ వచ్చిన రోజుదాకా మొత్తం చెప్పమన్నాను. మొదటిసారి ఐదు నిమిషాల్లో ఆపేసింది. వారం వారం మళ్లీ మొదటినుంచి చెప్పించాను. ఆరో వారమో ఏడో వారమో మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. బయట వరుసలో ఉన్నవాళ్లు లేచి తొంగి చూశారు. ఆ ఏడు పెత్రమాసకు (పోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే అమావాస్య) కొడుకుతో చెప్పి, ఇంట్లో గప్‌చుప్‌గా కాకుండా చుట్టాలను, మిల్లులో ఆయనతో పనిచేసినవాళ్లను పిలిచి, ఆయన పేరున బియ్యం ఇప్పించి, ఫొటోకు దండ వేయించాం. అప్పటిదాకా ఆ ఫొటోకు దండ లేదు! పండగ తర్వాత దడ పూర్తిగా పోలేదు గానీ దవాఖానకు పరుగెత్తడం ఆగింది. రీచార్జ్ ఇంకా చేయిస్తూనే ఉంది, చిన్న ప్లాన్‌కు మార్చింది.

కాబట్టి మీకు నేను చెప్పే మొదటి పని మందుల గురించి కాదు. పెత్రమాసకు ఇంకా టైమ్ ఉంది. అమ్మను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే, నాన్న పేరున నలుగురినీ పిలిచి చేయండి. ఆమె ముందు నాన్న మాట ఎత్తకుండా ఉండటం మానేయండి. మీరూ చెల్లీ "అమ్మ ఏడుస్తది" అని ఆ మాటే రానివ్వట్లేదని రాశారు. ఆమె ఏడవాలి. మీరు కూడా ఏడవలేదని నా అనుమానం, అది ఇంకోసారి మాట్లాడుకుందాం. చెప్పులు మాత్రం మీరు తీసేయకండి, ఆమె తీసేదాకా ఉండనివ్వండి.

ఇంకో సంగతి, మగవాళ్లకు తట్టదు. భర్త పోయిన ఆడమనిషిని మన ఊళ్లల్లో బొట్టు పెట్టి పిలవరు. పేరంటం లేదు, పెళ్లిలో ముందు వరుస లేదు, పొద్దున ఎదురొస్తే మొహం తిప్పుకునేవాళ్లూ ఉన్నారు. "అమ్మ ఫంక్షన్లకు రాదు" అని రాశారు. రావట్లేదా, పిలవట్లేదా? ఈ రెంటికీ వైద్యం వేరు. చెల్లి పెళ్లి పనుల్లో అమ్మను దేనికీ వెనక నిలబెట్టకండి. నేను రాసే ఏ గోలీ అంత పని చేయదు.

ఇక జాగ్రత్తలు. అన్నిటినీ రంది ఖాతాలో వేసేయకూడదు. ఈ విషయంలో నేనే ఒకసారి తప్పు చేశాను. 2022లో ఒకామె ఇదే కథతో వచ్చింది, భర్త కరోనాలో పోయాడు, దడ, నిద్ర లేదు, బరువు తగ్గింది. కథ అంత చక్కగా అతికేసరికి నేను రక్తపరీక్ష రాయలేదు. మూడు నెలలు మందు వాడినా తగ్గకపోతే అప్పుడు చేయిస్తే థైరాయిడ్ బాగా ఎక్కువగా పనిచేస్తోందని తేలింది. ఇప్పుడు ఎవరొచ్చినా ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, బీ12 చూస్తాను. మీ అమ్మకు యాంజియోగ్రామ్ దాకా చేయించారు గానీ ఈ నాలుగూ చేయించినట్టు రాయలేదు. 51 ఏళ్లంటే ముట్టు ఆగే వయసు కూడా. ఆవిర్లు, చెమటలు, మెలకువ దానివల్లా వస్తాయి, అదీ అడగండి. నడిచినప్పుడో మెట్లెక్కినప్పుడో ఛాతీ పట్టేసినట్టు నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గుతుంటే, లేదా నొప్పి చేతికో దవడకో పాకి చల్లటి చెమట పడితే, పాత రిపోర్టులు నార్మల్ అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పొండి. గాబరా వల్ల వచ్చే దడ సాధారణంగా పది నిమిషాల్లో పైకి లేచి, అరగంటలోపు దానంతటదే దిగుతుంది. అప్పుడు పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, ఊపిరి పీల్చినదానికంటే వదలడం నిదానంగా చేయించండి. చుట్టూ పదిమంది చేరి నీళ్లు చల్లడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం వద్దు.

"కరోనా తర్వాతి జబ్బు" అనేది కూడా నిజంగానే ఉంది. కరోనా సోకిన మూడు నెలల తర్వాత కూడా అలసట, ఆయాసం, మతిమరుపు, తలలో మబ్బు కమ్మినట్టు ఉండటం లాంటివి రెండు నెలలకు తగ్గకుండా ఉంటే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. అమ్మకు అప్పుడు కరోనా వచ్చిందో లేదో మీరు రాయలేదు. వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, దడ, ఛాతీలో బాధ, నిద్ర పట్టకపోవడం ఆ జబ్బులోనూ కనిపిస్తాయి. టీకా సంగతి: కొన్ని టీకాలతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టిన మాట నిజం, అది వేసుకున్న కొద్ది వారాల్లోపే. నాలుగేళ్ల గాబరాకు టీకాను తిట్టడం బాబాయికి తేలిక, అంతే.

ఇప్పుడు ఆ నిద్ర గోలీ. పేరు రాయలేదు గానీ నూటికి తొంభై పాళ్లు అల్ప్రాజోలం అయి ఉంటుంది. మొదటి పది రోజులు అద్భుతంగా పనిచేస్తుంది, అదే దాంతో వచ్చిన చిక్కు. కొన్ని వారాలకు ఒళ్లు అలవాటు పడుతుంది, ఒకటికి రెండు కావాలి. ఆలస్యమైతే వణుకు, దడ. అంటే ఇప్పుడు ఆమెకు సాయంత్రం పూట వచ్చే దడలో కొంత ఆ గోలీ తెచ్చినదే కావొచ్చు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు. డాక్టరు చూస్తూ వారాలు, నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలి.

అడగడానికి మొహమాటపడే ప్రశ్న ఒకటి అడుగుతున్నాను: అమ్మ కల్లు తాగుతుందా? తప్పేం కాదు, మన ఊళ్లల్లో ఆడవాళ్లూ తాగుతారు. కానీ పాలమూరు, నల్లగొండ వైపు చాలాచోట్ల కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులే కలుపుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు దుకాణాలు మూసిన వారంలోనే జనం చేతులు వణుకుతూ, లేనివి కనిపిస్తున్నాయంటూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు వచ్చారు. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఓపీ ఒక్కసారిగా పెరిగిపోయింది. ఆ రోజుల్లో బొంబాయి నుంచి సొంతూరికి చేరిన నారాయణపేట వైపు మేస్త్రీ ఒకతను, వణుకు చూసి తనకు కరోనానే వచ్చిందనుకుని పశువుల కొట్టంలో వేరుగా పడుకున్నాడు. అది కల్లు ఆగిన వణుకు. ఊళ్లో ఎవరూ దగ్గరికి వెళ్లలేదు, నాలుగో రోజు ఫిట్స్ వస్తే గానీ తేలలేదు. అమ్మ గోలీ, కల్లు రెండూ తీసుకుంటుంటే ఆ రెండూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి. ఈ సంగతి డాక్టరుకు దాచకండి.

సరైన మందు ఏంటంటే, దిగులుకు ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. ఇవి మత్తు గోలీలు కావు, నిద్ర గోలీలా అలవాటు పడవు. వారం పది రోజులు వికారం, కాస్త గాబరా పెరగడం ఉండొచ్చు, అప్పుడే చాలామంది "ఈ మందు పడతలేదు" అని ఆపేస్తారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, నిదానంగా తగ్గించి ఆపుతాం. పదేపదే తిరగబెట్టేవాళ్లకే ఎక్కువకాలం. ఒక నిజం ఒప్పుకోవాలి: మందు దిగులును తగ్గిస్తుంది గానీ పోయిన మనిషి మీది దుఃఖానికి పెద్దగా పనిచేయదు. దానికి మాట కావాలి. అందుకే మిర్యాలగూడ ఆమె కథ అంత పొడుగ్గా రాశాను.

గట్టుకు తీసుకుపోయామని కొంచెం సిగ్గుపడుతూ రాశారు. సిగ్గెందుకు? చెరువుగట్టులో అమావాస్య నిద్ర చేసి వచ్చినా, జాన్‌పహాడ్ దర్గాకు పోయి వచ్చినా నాకు అభ్యంతరం లేదు. ఆ రాత్రి ఆమె పక్కన మీరంతా ఉన్నారు కదా, అది మంచిదే. గోలీలు ఆపమన్నా, తిండి మాన్పించినా, కొట్టినా, కట్టేసినా మాత్రం అక్కణ్నించి తీసుకొచ్చేయండి.

ఒకటి తప్పకుండా అడగండి, నేరుగా: "అమ్మా, బతకబుద్ధి కావట్లేదని ఎప్పుడైనా అనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది తప్పు. అడిగితే బరువు దిగుతుంది. మీది పత్తి చేను, అంటే పురుగుల మందు, గడ్డి మందు డబ్బాలు ఇంట్లోనో కొట్టంలోనో ఉంటాయి. వాటిని ఈ రోజే వేరేవాళ్ల దగ్గర పెట్టి తాళం వేయించండి. నిద్ర గోలీల స్ట్రిప్పులు చెల్లి దగ్గర ఉంచండి. ఇలాంటి ఆలోచన చాలాసార్లు కాసేపే గట్టిగా ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏమీ అందకుండా చూడాలి. అవును అంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకురండి. అర్ధరాత్రయినా 14416కు ఫోన్ చేయొచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్, ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడతారు.

చెల్లి పెళ్లి భయం గురించి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి వివరాలు డాక్టరు గోప్యంగా ఉంచాలి. ఎవరో వచ్చి అడిగితే చెప్పరు. ఇక ఊరి నోరంటారా, మీ అమ్మ నాలుగేళ్లుగా నిద్రపోవట్లేదని ఊరికి ఇప్పటికే తెలుసు. "ఎర్రగడ్డకు పంపాలె" అనే తిట్టు వింటూ పెరిగాం కాబట్టి మనకు ఆ భయం. 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందట్లేదని తేలింది. తెలంగాణ ఆ 12లో లేదు గానీ, ఇక్కడ వేరుగా ఉంటుందని నేననుకోను.

ఎక్కడ చూపించాలంటే, హైదరాబాద్ దాకా అక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, వాటి ఆసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంటుంది. మీకు నల్లగొండ దగ్గర. ఉదయమే వెళ్లండి. పాత రిపోర్టులన్నీ, వేసుకుంటున్న ప్రతి గోలీ స్ట్రిప్పూ, ఆర్‌ఎంపీ పొట్లం కట్టి ఇచ్చినవి కూడా తీసుకెళ్లండి.

అమ్మ రానంటే ఏం చేయాలన్నారు. మోకాళ్ల నొప్పులకని అబద్ధం చెప్పి తీసుకురాకండి, ఇక్కడికొచ్చాక బోర్డు చూసి ఇంకెప్పుడూ మిమ్మల్ని నమ్మదు. "అమ్మా, నువ్వు నిద్రపోయి నాలుగేళ్లయింది, నిద్ర కోసం పోదాం" అనండి, అది నిజమే కదా. మీ మాటకు రాకపోతే ఆశా వర్కర్ అక్కతో చెప్పించండి, చాలా ఇళ్లల్లో కొడుకు మాటకంటే ఆమె మాటే నడుస్తుంది. వచ్చాక డాక్టరు ముందు మీరే అన్నీ చెప్పేయకుండా ఆమెను మాట్లాడనివ్వండి. కాసేపు బయట కూర్చోండి. పరీక్షల ఫలితాలు వచ్చాక, ఆ గోలీ పేరు తెలిశాక మళ్లీ ఇక్కడే రాయండి, చూస్తాను.